కింది డ్యూటీ

భూమేష్ మోచేయి తగిలి నా కొడుకు నగేష్ నోట్లోంచి రక్తం కారింది.

కంపెనీ కూలీలుండే క్యాంపుల మధ్య జరిగే కబడ్డీలో పోయిన ఏడు కప్పు నగేష్ జట్టుదే. అందుకే ఈ ఏడు అన్ని జట్లూ పగబట్టినట్టు వాళ్లను కుమ్మేశాయి. దోహాలోని అబూ హమూర్‌లో జరిగిన ఈ ఫైనల్లో అవతలి క్యాంపు భూమేష్ అయితే అసలు మనిషిలాగే లేడు. ఒకడి వేలు విరిచాడు, ఇంకొకడి పక్కటెముకల్లో మోకాలితో పొడిచాడు.

కూతురి పురిటికని దోహా వచ్చిన నేను అది చూసి ఆగలేకపోయాను. సగం ఆట కాగానే నగేష్ రెక్క పట్టుకున్నాను.

"ఇగ ఆడకు బిడ్డా, సచ్చిపోతవ్. కప్పు ఆళ్లకే పోనీ. గా భూమేష్ గానికి నీ మీద ఏం పగ?"

"పగ లేదే అవ్వా." నగేష్ రక్తం ఉమ్మి నవ్వాడు. "గెలిచినోళ్లకు ఏడాదంతా కింద స్టోరుల డ్యూటీ. పోయినేడు ఆడు మా చేతుల ఓడిండు. అప్పటి సంది వరల్డ్ కప్ స్టేడియం మీద ఇనుప దూలాలు బిగిస్తున్నడు. ఆనితోటి ఎక్కినోళ్లు ఇద్దరు పడి సచ్చిన్రు. ఆడు దిగాలంటే గెలవాలె."

"మరి మీరు ఓడితే?"

"మేం ఎక్కుతం."

విజిల్ మోగింది. అవతల భూమేష్ ఒక్కడే కూర్చుని ఎడమ మోకాలు పిసుక్కుంటున్నాడు. ఊళ్లో ఉన్న నా చిన్న కొడుకంత ఉంటాడు.

నేను కొంగుతో నగేష్ మూతి తుడిచాను.

"ఎడమ మోకాలు బిడ్డా," అన్నాను మెల్లగా. "ఆనికి అక్కడ్నే నొస్తున్నది. అక్కడ్నే తన్ను."