ఎండ్రకాయ చూసిన వరదగుడి

ఈ కథ మొదట చెప్పింది ఉప్పుమడుల సింహాద్రమ్మ.

ఆశ్వయుజ పున్నమి ముందు వలస బాతులు ఉప్పుటేటి ఒడ్డున దిగాయి. మునిమాపు వేళ ముసలి ఎండ్రకాయ చంద్రుణ్ణి చూసి, తన బొరియకి బురద మెత్తసాగింది.

"అప్పుడే తలుపేస్తున్నావేం తాతా?" అంది పెద్దబాతు.

"నిరుడు నా పిల్లల్ని మింగినవాళ్ళకి చెప్పాలా?" అని, మనసొప్పక మళ్ళీ అంది: "చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టింది. గాలివాన వస్తుంది. తాటితోపు అవతలికి పొండి."

ఎండ్రకాయ మాటకి గుంపు లేవదని, ఏట్లో నిలబడ్డ కొంగని చూపించి, "కొంగ బావ చెప్పాడు, లేవండి" అంది పెద్దబాతు.

తెల్లారేసరికి ఒడ్డంతా సముద్రమైంది. బాతు ఒక్కటీ చావలేదు. నీళ్ళు తీశాక అవి తిరిగొచ్చి కొంగకి దణ్ణాలు పెడుతుంటే కొంగ కాదనలేదు.

ఎండ్రకాయ బొరియలోంచి కళ్ళు బయటపెట్టింది. "కొంగ నిన్న చూసింది చేపని. చంద్రుణ్ణి చూసింది నేనని ఆ బాతులకి ఎవరైనా చెప్పండి నాయనా."