పడుగుకు సిరా చుక్క

"ఇనస్పెక్టరుకు మన వీధి మనిషే చెప్పినాడంట. పక్కింటి మైమూన్ అంటాంది," అంటూ నాగమ్మ మేనల్లుడి సంగటి మీద ఊరిబిండి వేసింది. "వాని నోట్లో మన్నుబొయ్య!"

మదరాసులో ప్రభుత్వ పరిపాలన మీద ఎమ్మే చదువుతున్న ఓబులేసు ఆ పొద్దే జమ్మలమడుగులో బస్సు దిగినాడు.

"ఏం చెప్పినాడత్తా?"

మగ్గం గుంటలో ఊరికే కూర్చున్న చౌడప్ప అందుకున్నాడు. "ఆడే మగ్గానికే గదా సొసైటీ నూలిచ్చేది! నూలు లేక ఆగిన మగ్గానికి, వాళ్లు లెక్కకొచ్చినప్పుడు పక్కింటి పడుగు గోడ మీంచి అందుకుని తగిలిస్తాంటిమి. ఈసారి ఇనస్పెక్టరు ముందే పక్కింట్లో పడుగు కొసకు సిరా చుక్క పెట్టినాడు. అదే చుక్క మనింట్లో చూసి నవ్వినాడు. మన నూలు నిలిపేసినారు."

"నీ చదువు ఇట్లాంటోటికే గదప్పా," అంది నాగమ్మ. "పైవాళ్లకు ఒక మాట చెప్పరాదా?"

ఓబులేసు చేతిలో ముద్ద మళ్లీ పళ్లెంలో పెట్టినాడు.

"నేను పేర్లు రాయలేదు మామా."

నాగమ్మ గరిటె ఆగింది. "ఏంది రాసింది?"

"పరీక్షకు వ్యాసం. గోడ మీంచి పడుగు అందుకునే సంగతి చెప్పి, ఈ నూలు పద్ధతే తప్పని, మీ కష్టం పైవాళ్లకు తెలియాలని రాసినా. మా ప్రొఫెసరు మెచ్చుకుని సర్కారుకు పంపినాడు. పద్ధతి మారుస్తారనుకున్నా..."

చౌడప్ప మగ్గం గుంటలోంచి పైకి లేచినాడు.

"పిల్లప్పుడు గోడెక్కి ఆ పడుగు అందించింది నువ్వే గదరా. అదీ రాసినావా?"