జంట శిఖరాల కొండ

“బండి రాలేదేం?” అన్నారు మాస్టారు చేతి గడియారం చూసుకుంటూ.

“రాదండీ. ఆ రోజుల్లో ఈ పాసింజరు వేళకు వచ్చిన పాపాన పోలేదు. అందుకే నేనూ ఆలస్యంగానే నడుపుతాను,” అన్నాడు పళ్ళ డాక్టరు, స్విచ్చి మీద వేలు ఆనించి.

మాస్టారు తల పంకించారు. మొదటి గండం గడిచిందని డాక్టరు ఊపిరి పీల్చుకున్నాడు.

మేడ గది నిండా బల్ల, బల్ల నిండా ఒకప్పటి జంక్షను. ఆవిరి ఇంజన్లతో పాటే పోయిన ఆ స్టేషన్ని డాక్టరు ఇక్కడ బుల్లి బొమ్మగా మళ్ళీ లేపాడు. పళ్ళ అచ్చులు పోసే ప్లాస్టరుతో ప్లాట్‌ఫారాలు పోశాడు. పళ్ళు అరగదీసే మరతో రైలుపెట్టెల కిటికీలు చెక్కాడు. ఇంజను పొగగొట్టానికి మసి కూడా తనే పూశాడు. పాపం భార్య తెలియక ఒకసారి ఆ మసి తుడిచేస్తే అలిగి భోజనం మానేశాడు.

ఇంత చేసినా బుల్లి రైళ్ళ సంఘం ఏటేటా పెట్టే ప్రదర్శనలో ఆ బల్లకు ఇంతవరకు చోటు దక్కలేదు. కారణం ఈ మాస్టారే. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన ఈయన సంఘానికి అధ్యక్షుడు, కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం. నోరు తెరిస్తే “ప్రమాణం ఏది?” అంటారు గనక ఊరంతా ప్రమాణం మాస్టారనే పిలుస్తుంది. ఒక ఏడు సిగ్నల్ స్తంభం పొడుగు తప్పన్నారు. మరో ఏడు గార్డు టోపీ తప్పన్నారు. ఈసారీ కాదంటే రైళ్ళన్నీ మూటగట్టి అటకెక్కించేస్తానని డాక్టరు భార్య దగ్గర ఒట్టు పెట్టాడు. ఊళ్ళో అందరి నోళ్ళలో వేళ్ళు పెట్టే మనిషికి ఈయన ముందు మాత్రం నోరు పెగలదు.

భార్య టీ తెచ్చింది. కప్పు పెట్టడానికి అటూ ఇటూ చూసింది.

“చేత్తోనే పట్టుకోండి మాస్టారూ. ఈ గదిలో చెంచాకి కూడా చోటు లేదు. ఈ రైళ్ళ కోసం మా నాన్న ఇచ్చిన డబ్బా కెమెరా, నా ఆల్బములు, కుట్టు మిషను, అన్నీ పాత సామాన్లవాడికి వేసేశారు మహానుభావుడు.”

“ఇప్పుడెందుకే ఆ గోల!” అన్నాడు డాక్టరు సిగ్గుపడుతూ.

మాస్టారు ఆ మాటలు వినడం లేదు. బల్ల మీదికి వంగి, “నీళ్ళ ట్యాంకు తప్పు,” అన్నారు.

డాక్టరు కుడి వైపున్న ట్యాంకుకి చెయ్యి అడ్డం పెట్టాడు.

“కుడి వైపేనండీ! అక్కడ పనిచేసిన పాతవాళ్ళందరూ అదే చెప్పారు. మొదట్లో నేను ఎడమ వైపు పెడితే నవ్వారు కూడా. అప్పుడే మార్చాను.”

“జనం జ్ఞాపకం ప్రమాణం కాదయ్యా. ఇదీ ప్రమాణం!” మాస్టారు సంచిలోంచి రెండు అట్టల మధ్య దాచిన ఫొటో తీశారు. నలుపు తెలుపు ఫొటో, బాగా మసకబారింది. “ఆ జంక్షనుకు లోకంలో మిగిలిన ఒకే ఒక్క ఫొటో. పాత కాగితాల కొట్లో నా కంట పడింది. ట్యాంకు ఎటుందో చూడు.”

డాక్టరు కళ్ళద్దాలు సవరించుకున్నాడు. ట్యాంకు నిక్షేపంగా ఎడమ వైపే ఉంది.

“అంటే మొదట నేను కట్టిందే ఒప్పు!” అన్నాడు. 

“అసలు సంగతి ట్యాంకు కాదు. వెనక చూడు.”

స్టేషను వెనక గుండ్రటి పెద్ద కొండ. ఒక కొసన పక్కపక్కనే రెండు చిన్న శిఖరాలు.

“అక్కడ కొండేమిటండీ? చదును నేల కదా!”

“ఇప్పుడు చదునే. తవ్వి పట్టాల కింద కంకరగా వేసేసి ఉంటారు. లేకపోతే అంత కొండ ఏమైనట్టు? జంట శిఖరాల కొండ అని పేరు పెట్టాను. దాని మీద ఓ గ్రంథమే రాశాను. ప్రదర్శన రోజునే విడుదల.”

భార్య ఫొటో అందుకుంది. దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“పుస్తకం అచ్చయిపోయిందా మాస్టారూ?”

“నిన్ననే వచ్చిందమ్మా.”

“అయ్యో, పాపం!”

“కొండ పోయిందంటే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది తల్లీ,” అన్నారు మాస్టారు, ఫొటోను భద్రంగా అట్టల్లో పెట్టుకుంటూ.

అప్పుడు వచ్చింది పాసింజరు, నిదానంగా, ఎవరి కోసమూ తొందరపడకుండా. అది ఆగేదాకా చూసి మాస్టారు డాక్టరు భుజం తట్టారు.

“ట్యాంకు ఎడమకి మార్చు. వెనక కొండ కట్టు. ప్రదర్శనలో ముందు వరసలో నీ బల్లే ఉంటుంది.”

డాక్టరుకి ప్రాణం లేచొచ్చింది. మాస్టారిని వీధి మలుపు దాకా సాగనంపి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, చేతులు మోచేతుల దాకా ప్లాస్టరులో ముంచాడు. ఇన్నేళ్ళ తర్వాత పెళ్ళికొడుకు కళ వచ్చింది మొహంలో.

“కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళున్నారు గానీ, కొండను కట్టి ముందు వరస పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే!” అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. “అంతా బాగానే ఉంది, రంగు దగ్గరే చిక్కు. ఆకుపచ్చ వేసెయ్యనా?”

“వద్దండీ. బూడిద రంగు వెయ్యండి, మీద నల్ల చారలు. ఆ రెండు శిఖరాల లోపలి వైపు మాత్రం లేత గులాబీ రంగు.”

డాక్టరు చేతులు ప్లాస్టరులోనే ఆగిపోయాయి.

“నలుపు తెలుపు ఫొటోలో నీకు గులాబీ రంగెక్కడ కనిపించిందే?”

అంతసేపూ బిగబట్టిన నవ్వు ఇక ఆగలేదు. భార్య కళ్ళు తుడుచుకుంటూ కుర్చీలో కూలబడింది.

“మీరు ట్యాంకు ఎడమ వైపు పెట్టిన రోజుల్లో మా నాన్న కెమెరాతో ఈ బల్లకి నేను తీసిన ఫొటో అండీ అది. ఆ కొండ మన పిల్లి.”