పడగలు లేచిన వరస

ఇపో పట్టణ శివార్లలోని విష పరిశోధనశాలలో దాలమ్మ పాముల పెట్టెలు కడిగేది. ఆమె భర్త పైడయ్య అక్కడికే పాములు పట్టి తెచ్చేవాడు. అడవిలో సైన్యానికీ కమ్యూనిస్టులకూ పోరు సాగుతున్న రోజులవి. నెల కిందట రాచనాగు కోసం అడవికి వెళ్లినవాడు తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం కర్ఫ్యూ ముందుగానే పెట్టేశారు. దాలమ్మ ఇంటికి వెళ్లే వీల్లేక, కూతుర్ని చివరి గదిలో పడుకోబెట్టి తాను పెట్టెల మధ్య నడవాలో కూర్చుంది. కావలివాడు మునుసామి వీధి తలుపుకు తాళం వేసి వచ్చాడు. వాన వెలిసింది. ఎక్కడా చప్పుడు లేదు.

తలుపు పక్క గాజుపెట్టెలో నాగుపాము పడగ విప్పి లేచింది. కాసేపటికి అది వాలిపోయింది, దాని పక్కది లేచింది. ఆ తర్వాత మూడోది. నడవాలో మాత్రం ఎవరూ లేరు.

"మునుసామన్నా, ఇయ్యి ఇలా లేస్తన్నాయేటి?"

"పాములకి మన మాటలు ఇనపడవమ్మా," అన్నాడతను, గొంతు బాగా తగ్గించి. "నేల అదిరితేనే తెలుస్తాది. ఎవురో నడుస్తన్నారు."

పడగలు వరసగా లేస్తూ దాలమ్మ దాకా వచ్చాయి. ఆమెకు భయం కన్నా ముందు ఆశ కలిగింది.

"వచ్చినావా?" అని అడిగింది.

ఆమెను దాటి పడగలు ఇంకా ముందుకు సాగాయి. పిల్ల పడుకున్న గది పక్కనున్న ఆఖరి నాగు లేచి, మెల్లగా వాలిపోయింది. దాలమ్మ పరుగున వెళ్లి ఆ గది తలుపు మీద చెయ్యి వేసింది.

లోపలినుంచి పిల్ల నిద్రగొంతు వినిపించింది.

"అయ్యా, నీ జుట్టు నిండా ఈ మట్టేటి?"