సైరన్ మోగేలోపు

"పాపని బయటికి తీసుకురండి! నీళ్లలోంచి తీసుకొచ్చేయండి బాబూ!"

బండరాళ్ల మీద తడబడుతూ పరుగెత్తుకొచ్చింది నాగేశ్వరి. మెడలో విజిల్ వేలాడుతోంది కానీ ఆయాసంతో ఊదలేకపోయింది.

మోకాలి లోతు నీళ్లలో కూతురి చేతులు పట్టుకుని గిరగిరా తిప్పుతున్న శశిభూషణ్ ఆగి చూశాడు. ఎదురుగా వాగు మీద చిన్న డ్యామ్. దాని పక్కన రేకుల కప్పుతో పవర్‌హౌస్. గేట్లన్నీ మూసే ఉన్నాయి. ఎండ ఫెళ్లున కాస్తోంది.

"ఏమైందండి?"

"నీళ్లు వదులుతారు. పైన కొండల్లో వాన పడిందంట."

"వదిలేముందు సైరన్ వేస్తారుగా? బోర్డు మీద రాసుంది."

"వేయకపోతే?"

శశిభూషణ్‌కి నవ్వొచ్చింది. "మీరు డిపార్ట్‌మెంటాండి?"

"కాదండి."

"మరి ఈ విజిల్ ఎవరిచ్చారు?"

"నేనే కొనుక్కున్నాను."

పక్క మడుగులో ఈదుతున్న కుర్రాళ్లు గొల్లుమన్నారు. "ఆవిడ ప్రతి ఆదివారం ఇంతే సార్! ఓ విజిలక్కోయ్, ఇవాళింకా బోణీ చెయ్యలేదేంటి?"

నాగేశ్వరి వాళ్ల వైపు చూడలేదు. చీర తడుస్తున్నా నీళ్లలోకి దిగి పాపకు చెయ్యి చాచింది.

"రామ్మా. అమ్మ దగ్గరికెళ్దాం."

"నేన్రాను! నాన్నా, నేన్రాను!"

శశిభూషణ్‌కి చిరాకేసింది. "చూడండమ్మా, రాజమండ్రి నుంచి వచ్చాం. వారమంతా నాకు ఆఫీసు, దానికి ట్యూషన్లు. ఇవాళొక్క పూటైనా పిల్లని ఆడుకోనివ్వరా?"

"ఆడుకోనివ్వండి. గట్టు మీద ఆడించండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

మాటవరసకన్న మాట కాదది. నీళ్లలో వంగి నిజంగానే ఆయన కాళ్ల కోసం వెతికింది. శశిభూషణ్ కంగారుగా వెనక్కి జరిగాడు.

గట్టు మీద టీ కాస్తున్న పాపాయి అనే ఆవిడ గరిటె పట్టుకునే ముందుకొచ్చింది.

"బాబుగారూ, ఆవిణ్ణేం అనకండి. పైకొచ్చెయ్యండి. పోయినేడు మీరు నిలబడ్డ చోటే పిల్లల్తో సహా ఓ కుటుంబం కొట్టుకుపోయిందండి. ఆ రోజు సైరన్ మోగలేదు. అప్పట్నుంచీ ఈవిడ ప్రతి ఆదివారం మొగల్తూరు నుంచి బస్సులు మారి వస్తాదండి, పాపం."

ఇంకేదో చెప్పబోయి పాపాయి ఆగిపోయింది.

కుర్రాళ్ల నవ్వులు ఆగాయి. శశిభూషణ్ కూతుర్ని ఎత్తుకుని గట్టెక్కాడు. కుర్రాళ్లు కూడా ఒక్కొక్కరే చొక్కాలు వెతుక్కుంటూ పైకొచ్చారు.

చెట్టు నీడలో చాప మీద శశిభూషణ్ భార్య అలేఖ్య కూర్చుని ఉంది. భుజాన నెలల పిల్లాడు. పొద్దుటి నుంచీ పేచీ పెడుతున్నాడు. వాణ్ణి జోకొడుతూనే నాగేశ్వరికి చోటిచ్చింది. డబ్బాలోంచి పులిహోర తీసి పెట్టబోతే నాగేశ్వరి వద్దంది.

కాసేపటికి అలేఖ్య మెల్లగా అడిగింది.

"మీకు ఎంతమంది పిల్లలండి?"

"ఒక్కడే. బాబు. అప్పటికి రెండేళ్లు."

అలేఖ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఆ రోజు మీరూ ఇక్కడే ఉన్నారా?"

"దగ్గర్లోనే ఉన్నానండి." నాగేశ్వరి తడి కొంగు పిండుతోంది. పిండిన చోటే మళ్లీ పిండుతోంది. "అంతా నా వల్లే అయింది. నేనొక్క మాట అన్నాను. మావారు కాదనలేకపోయారు. ఆ మాట అనకపోతే అందరూ ఉండేవాళ్లు."

"అయ్యో, అలా అనుకోకండి. బాబు కోసమేగా అన్నారు?"

"వాడి కోసమేనండి."

"మరి? ఏ తల్లయినా అంటుంది. నేనైనా అంటాను. అందులో మీ తప్పేముంది?"

నాగేశ్వరి తలెత్తి చూసింది. ఆకలితో ఉన్నవాళ్లు అన్నం వైపు చూసినట్టు చూసింది.

"నిజంగానా అండి? మీరైనా అంటారా?"

"అంటానండి."

అప్పుడు ఏడ్చింది నాగేశ్వరి. కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చింది. అలేఖ్య ఒక చేత్తో ఆమె వీపు నిమిరింది. రెండో చేతిలో పిల్లాడు ఎట్టకేలకు నిద్రపోయాడు.

అంతలో సైరన్ మోగింది.

గుండెలదిరే మోత. అందరూ చెవులు మూసుకున్నారు. నాగేశ్వరి లేచి నిలబడింది. కళ్లు మూసుకుని, ఆ మోత పూర్తిగా ఆగేవరకూ వింది.

గేటు లేచింది. ఎర్రటి నీళ్లు ఒక్కసారిగా దూకాయి. పాప ఆడుకున్న మడుగు, దాని చుట్టూ ఉన్న బండరాళ్లు చూస్తుండగానే మునిగిపోయాయి. కూతుర్ని గుండెకు అదుముకుని శశిభూషణ్ నాగేశ్వరి వైపు తిరిగాడు. రెండు చేతులూ జోడించాడు.

సైరన్‌కి ఉలిక్కిపడి లేచిన పిల్లాడు అలేఖ్య భుజం మీద ఇంకా గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"అబ్బా, ఇప్పుడేగా పడుకున్నాడు!" అలేఖ్య విసుక్కుంది. "పిల్లాడు నిద్రపోయినప్పుడే మోగాలా ఈ సైరన్!"

నాగేశ్వరి ఏడుపు ఆగిపోయింది.

పోయినేడు "మర్చిపోయానండి" అని పోలీసులకు చెప్పి జైలుకెళ్లిన గేటు ఆపరేటరుకి, ఆ మధ్యాహ్నం, "జ్వరంతో రాత్రంతా ఏడ్చిన బాబుకి ఇప్పుడే కన్నంటుకుంది, ఈ ఒక్కసారికి సైరన్ వేయకండి" అని డ్యామ్ క్వార్టర్స్‌లోంచి ఫోన్ చేసి చెప్పింది అతని భార్య నాగేశ్వరి.