ఆర్లిస్‌కు నచ్చని పెట్టె

"అక్షరాలు పెద్దవి చెయ్యమన్నాను. పేర్లు పెద్దవయ్యాయి, అంకెలు మాత్రం చీమల్లా అలాగే ఉన్నాయి," అంది ఆర్లిస్ తెర మీంచి చూపు తిప్పకుండా.

హాల్వర్ నాలుక కరుచుకున్నాడు. రైతు పేరుకో గడి, బండి తూకానికో గడి, గింజల తేమకో గడి, చివర ఒక బటన్. వీటన్నిటినీ పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో ఒకే చట్రంలో బిగించి ఒకే విడ్జెట్‌గా, అంటే తెర మీద కనిపించే ఒకే పెట్టెగా తయారు చేస్తున్నాడు. చట్రానికి ఏం చెప్పినా లోపలి ముక్కలన్నిటికీ అందాలి. ఆ అందించే ఏర్పాటులో అంకెల గడుల్ని మరిచిపోయాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పది, తలపండిన తను చేశాడు.

నార్త్ డకోటాలోని ఆ గోధుమ గిడ్డంగిలో తూకాలు రాసుకునేది ఆర్లిస్. ఆమె సరేనంటేనే పని పూర్తయినట్టు లెక్క. కొత్త మేనేజరు రోజూ తొంగిచూసి, ఆర్లిస్ బాగుందందా అని అడుగుతున్నాడు. ఇంకా లేదంటే ముఖం చిట్లించుకుని పోతున్నాడు. తన ఉద్యోగానికి నూకలు చెల్లాయని హాల్వర్‌కు గుబులు పట్టుకుంది. పెర్ల్ తప్ప మరోటి రానివాణ్ని ఈ వయసులో పిలిచి పని ఇచ్చేదెవరు?

ఆర్లిస్ మాత్రం అత్తగారిలా వంకలు పెడుతూనే ఉంది. బటన్ ఎడమవైపు కావాలంది. మార్చి తెస్తే కుడివైపే నయమంది. వంక పెట్టిన ప్రతిసారీ ఇంట్లో చేసిన రూబార్బ్ పై అనే తీపి వంటకం ముక్క అతని ముందు పెట్టేది. గిల్లి జోలపాడుతోందని కసికొద్దీ తినేవాడు హాల్వర్. ఆ వంటకం మాత్రం అమృతంలా ఉండేది.

కోతలు దగ్గరపడ్డాయి. అంకెల్ని కూడా దారికి తెచ్చి మధ్యాహ్నం మళ్లీ చూపించాడు. ఆర్లిస్ అన్ని గడులూ నింపింది, చెరిపింది, మళ్లీ నింపింది. పెట్టె ఎక్కడా తడబడలేదు. చివరికి ఆమె బటన్ వైపు వేలు చూపింది.

"బటన్ ఆకుపచ్చగా ఉంటే బావుండేది."

హాల్వర్‌కు ఓపిక నశించింది. "అమ్మా తల్లీ, నీకు నేనేం ద్రోహం చేశాను? నా ఉద్యోగం నీ నోటిమాట మీద వేలాడుతోంది. ఒక్కసారి బాగుందని చెప్పరాదూ."

ఆర్లిస్ మేనేజరు గది తలుపు మూసి ఉందో లేదో చూసి, కుర్చీ దగ్గరకు జరుపుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చాలా బాగుంది, హాల్వర్. నాకు ఎంతగానో నచ్చింది."

"మరి ఆ ముక్క మేనేజరుతో అనవేం?"

"అన్న రోజే, పని అయిపోయిందని నిన్ను పంపించేస్తారు."