కదలని పాంటియాక్

లైల్ హోస్టెట్లర్ షెరీఫ్ ఆఫీసుకు వెళ్లి ఇచ్చిన ఫిర్యాదు, తన కారు పోయిందని. భార్య కూడా కనబడడం లేదన్న సంగతి షెరీఫ్ ఓరిన్ అడిగితే గాని గుర్తు రాలేదు.

"వెర్నానా? అలిగి ఎక్కడికో పోయుంటుంది, కోపం తగ్గితే అదే వస్తుంది. ముందు నా పాంటియాక్ సంగతి చూడు, ఓరిన్!"

"ఆ కారేసుకుని ఆవిడే వెళ్లిందేమోనయ్యా?"

లైల్ పకపకా నవ్వాడు. ఆ కారు కదలదని అయోవాలో మొక్కజొన్న చేలక్కూడా తెలుసు. కొన్న కొత్తలో అది చక్కగానే పరిగెత్తేది. తనంతట తానే మారే గేర్లు మగాడికెందుకని లైల్ ఆ ఆటోమేటిక్ గేర్‌బాక్సును ఊడదీశాడు. తుక్కులోంచి షెవర్లే కారు గేర్‌బాక్సు తెచ్చాడు. రెండూ ఒకే కంపెనీ బిడ్డలు, కలవకపోతాయా అనుకున్నాడు. కలవలేదు. ఇంజిను వెనక బోల్టు కన్నాలు ఒక చోట, గేర్‌బాక్సు కన్నాలు మరో చోట. అప్పట్నుంచీ చర్చికి ఎగనామం పెట్టి, ప్రతి ఆదివారం కారు కింద పడుకుంటున్నాడు. పని కాలేదు గాని పాండిత్యం మాత్రం బాగా పెరిగింది.

"దేవుడు దిగొచ్చినా ఆ బండి కదలదు. ఈ విషయంలో నన్ను మించినవాడు లేడు. ఎవడో లారీకెక్కించి పట్టుకుపోయాడు."

మర్నాడు షెరీఫ్ లైల్ ఇంటికొచ్చి షెడ్డు వెతికాడు. నేలమీద కడిగినా పోని ఎర్రటి మరక కనిపించింది.

లైల్ వంగి వాసన చూశాడు. పాండిత్యం ఊరుకోనిచ్చిందా? "రక్తం కాదిది. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే నూనె. ఎర్రగానే ఉంటుంది."

"నీ ఇంట్లో ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉందా?"

"లేదు. పాత ఇనుము వాడికిచ్చెయ్యమని ఎప్పుడో వెర్నాకి చెప్పాను."

"మరి నూనె ఎక్కణ్ణుంచి వచ్చింది?"

లైల్ మళ్లీ వంగి ఇంకోసారి వాసన చూశాడు.

షెరీఫ్ బేడీలు తీశాడు. "కార్లో వెళ్లలేదని నువ్వే అంటున్నావు. బస్సెక్కలేదని బస్సువాడంటున్నాడు. ఎక్కడ పాతిపెట్టావ్? పెళ్లాన్ని ఎలా చూసుకోవాలో నన్ను చూసైనా నేర్చుకోవాల్సింది. మా ఆవిడ మొన్న అక్కగారింటికెళ్లినా నాకు చెప్పే వెళ్లింది."

పెరడంతా తవ్వారు. బంగాళాదుంపలు తప్ప ఏమీ దొరకలేదు. కానీ ఊరు ఊరంతా ఉరి ఖాయం చేసేసింది.

లాయరు జైలుకొచ్చి బతిమాలాడు. "కారు బాగయి ఉండొచ్చని ఒక్క ముక్క చెప్పండి, బయట పడతారు."

"నా వల్ల కానిది ఇంకొకరి వల్ల అయిందని చెప్పాలా? దానికంటే ఉరే నయం!"

అప్పుడే షెరీఫ్ ఆఫీసులో ఫోను మోగింది. ఎత్తిన షెరీఫ్ మొహం నల్లబడింది. ఖైదీని రప్పించి రిసీవరు చేతికిచ్చాడు.

"వెర్నా! బతికే ఉన్నావా? కారు దొరికిందా?"

"దొరకడమేంటి? నేనే నడుపుకుంటూ రీనో వచ్చా, విడాకులు ఇట్టే ఇచ్చే ఊరని. నువ్వు ఇచ్చెయ్యమన్న గేర్‌బాక్సు ఇవ్వలేదులే. దాన్నే మళ్లీ బిగించుకున్నా."

"అంత బరువు ఒక్కదానివే ఎలా ఎత్తావే?"

"ఒక్కదాన్నని ఎవరన్నారు? ఫోను ఓరిన్‌కివ్వు. అక్కగారింట్లో ఉందనుకుంటున్నాడు పాపం, వాళ్లావిడ మాట్లాడుతుందట."